అగ్గిపెట్టె ఎవరి దగ్గర ఉండాలి

మా పంచాయతీ తీర్మానాల పుస్తకంలో ఒక పేజీ మీద బెల్లం పాకం మరక ఉంది. తనిఖీకి వచ్చినాయన దాన్ని గోటితో గీకి చూసి, ఇదేమిటండీ అని అడిగితే, చట్టం మరకండీ అని చెప్పారట మా సెక్రటరీ గారు. అది మా ఊరి అగ్గి చట్టం. వేసవి ముదరకముందే, పొలాల్లో మంటలు లేవకముందే, బెల్లం పొయ్యి చుట్టూ నిలబడి మేం చేసుకున్నది. కాగితం మీద దాని పేరు తీర్మానమే గానీ, ఊళ్ళో అందరూ చట్టమనే అంటారు. నేనైతే ఇంకాస్త గట్టిగా అంటాను. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒక చోట కుదురుగా కూర్చోబుద్ధి కాదు.

ముందు ఒక సంగతి చెప్పేయాలి. దాచుకుంటే తర్వాత చెప్పేదంతా అబద్ధమైపోతుంది. నిరుడు వేసవిలో మా వార్డులో ఒక తాటాకిల్లు కాలి బూడిదైంది. దానికి కారణమైన అగ్గిపుల్ల గీసింది నేనే. ఊళ్ళో ఆ సంగతి నాకూ, మా ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదనే ఏడాది పాటు అనుకున్నాను. పైగా నేను వార్డు మెంబరుని.

మా ఊరు అనకాపల్లికి ఆటోలో అరగంట. సగం చెరకు, సగం వరి. చెరకు కొట్టేశాక పొలమంతా మోకాలెత్తు ఎండాకు మిగులుతుంది. కార్శి తోట ఉంచుకునేవాళ్ళు, అంటే కొట్టిన మోళ్ళ నుంచే రెండో పంట పిలకలు తీసుకునేవాళ్ళు, ఆ ఆకుని వెంటనే తగలబెట్టేస్తారు. ఆలస్యమైతే పిలకలు లేస్తాయి, అప్పుడు మంట పెడితే అవీ మాడిపోతాయి. వ్యవసాయం ఆఫీసరు గారు వచ్చినప్పుడల్లా కాల్చకండి, సాళ్ళ మధ్య పరవండి అని నచ్చజెబుతారు. అందరం బుద్ధిగా తలూపుతాం. ఆయన బండి ఊరి మలుపు తిరిగేసరికి ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీస్తారు.

మా ఆయన నెమ్మది మనిషి. ఏ పని చెప్పినా రేపు అంటారు. నాకేమో కోపం ముక్కు మీద ఉంటుంది. నిరుడు చెరకు కొట్టేసి పది రోజులైనా ఆకు అలాగే ఉంది. ఆ రోజు ఆయన బెల్లం దిమ్మలు వేసుకుని అనకాపల్లి మార్కెట్టుకి వెళ్ళారు. నేను వాకిట్లోకి వచ్చి చూస్తే మా చేను చుట్టుపక్కల మూడు పొలాల్లో పొగ లేస్తోంది. లోకమంతా పనులు తెముల్చుకుంటోంది, మా ఇంట్లోనే రేపు. ఒళ్ళు మండిపోయింది. అన్నం గిన్నె దించి, పొయ్యి పక్కనున్న అగ్గిపెట్టె బొడ్లో దోపుకుని చేలోకి వెళ్ళాను. మధ్యాహ్నం ఒంటిగంట. గాలి ఎటుందో చూడలేదు. మోటారు వేద్దామని కూడా అనుకోలేదు, అనుకున్నా ఆ వేళకి పొలాలకి కరెంటు లేదు.

మా చేను గట్టు దాటితే పది అడుగుల్లో అప్ప ఇల్లు. అప్ప నాకు చుట్టం కాదు. వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు, మేం గుడికి వెళ్ళేవాళ్ళం. నేను కాపురానికొచ్చిన కొత్తలో నీళ్ళ బిందె ఎత్తిన మొదటి మనిషి ఆవిడ, అప్పటినుంచీ సొంత అక్కని పిలిచినట్టు అప్పా అని పిలుస్తాను. భర్త పోయాక సముద్రం ఒడ్డున పూడిమడక వెళ్ళి ఎండుచేపలు తెచ్చి, గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళలో అమ్ముకుంటోంది. అరవై దాటినా ఆవిడ నడక నాకు అందదు. ఆ రోజు పొద్దున్న కూడా మా గుమ్మం ముందు నుంచే బస్సుకి వెళ్ళింది.

మధ్యాహ్నం దాటాక మా వైపు సముద్రం గాలి మళ్ళుతుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తెలిసిన సంగతే. నా మంట చేను సగం దాకా బుద్ధిగా వెళ్ళింది. తర్వాత ఒక్కసారి గాలి తిరిగింది, ఆకు ముక్కలు నిప్పుతో పైకి లేచాయి. అవి గట్టు దాటడం నేను కళ్ళారా చూశాను. పరిగెత్తాను, కేకలేశాను. చుట్టుపక్కలవాళ్ళు బిందెలు పట్టుకుని వచ్చారు. ఎవరో 101కి ఫోను చేశారు. ఫైరింజను త్వరగానే వచ్చింది గానీ ఊరి సందు మొదట్లో ఆగిపోయింది. సందులో చెరకు లోడుతో రెండు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి, డ్రైవర్లు టీకి వెళ్ళారు. వాళ్ళని వెతికి పట్టుకొచ్చేసరికి గోడలు మిగిలాయి.

లోపల రెండు గంపల ఎండుచేపలున్నాయట. మూడు రోజులు ఊరంతా కాలిన చేపల వాసన. అన్నం ముందు కూర్చుంటే ఆ వాసన, పడుకుంటే ఆ వాసన.

అప్ప మూడింటి బస్సుకి దిగింది. నెత్తి మీద గంపతోనే వచ్చి నిలబడి, ముందు మేక ఏదని అడిగింది. మేక తాడు ఎవరో కోసేశారు, బతికే ఉంది. అప్పుడు గంప దించి, లోపలికి చూసి, "ఆయన పొటో ఉండాల, ఆ గోడకి" అంది. భర్తది ఉన్నది ఆ ఒక్క ఫోటోయే. నేను ఆగలేక వెళ్ళి ఆవిణ్ణి గట్టిగా వాటేసుకుని ఏడ్చాను. ఆవిడే నా వీపు నిమిరి, "ఊరుకో సెల్లీ, నువ్వేటి సేత్తావు" అని నన్ను ఓదార్చింది. చూస్తున్నవాళ్ళు మా మెంబరుది ఎంత మెత్తని మనసు అనుకున్నారు. ఇంటికొచ్చాక చూసుకుంటే అగ్గిపెట్టె ఇంకా నా బొడ్లోనే ఉంది.

మా ఆయనకి చెప్పాను. ఆయన చాలాసేపు పళ్ళెంలో వేలితో గీతలు గీసి, "ఆ రోజు నాలుగు పొలాలు కాలేయి. ఎవరిదని సెప్తారు? నోరెత్తకు" అన్నారు. ఎత్తలేదు. ఇల్లు మళ్ళీ వేయడానికి వెదుళ్ళు ఇచ్చాం, తాటాకు నేనే మోశాను. ఎంత మోస్తే అంత నన్ను పొగిడారు. ఆ పొగడ్తలు వినడం కన్నా నాలుగు తిట్లు తినడం నయం. ఏడాదంతా అప్ప మా గుమ్మం ముందు నుంచి వెళ్తుంటే నేను లోపల ఏదో పని ఉన్నట్టు తిరిగాను.

ఈ ఏడాది చలి తగ్గుతున్న రోజుల్లో అనకాపల్లి నుంచి ఫైర్ వాళ్ళు మా హైస్కూలుకి వచ్చారు. గ్యాసు బండ మీద తడి గోనె ఎలా కప్పాలో చూపించారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అంతా అయ్యాక టీ ఇస్తూ, మా ఊరి సందు సంగతి చెప్పి, నిరుడు మీ బండి ఆగిపోయిందండీ అన్నాను. వాళ్ళ పెద్దాయన నా వైపు చూసి, "మేం వచ్చేది మంట లేచాకమ్మా. లేవకుండా చూసుకోవాల్సింది మీరు. మీది పంచాయతీ కదా, వేసవిలోపు ఒక తీర్మానం చేసుకోకూడదా?" అన్నారు.

అంతే. నా చేతిలో టీ నాకే గుర్తులేదు. మెంబరునై ఇన్నాళ్ళు, చెయ్యెత్తమంటే ఎత్తాను, సంతకం పెట్టమంటే పెట్టాను. తీర్మానం నేను కూడా రాయొచ్చన్న సంగతి ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు. ఇంటికొచ్చి పాత నోట్సు వెనక పేజీల్లో మొదలుపెట్టాను. చెప్పకుండా ఎవరూ ఆకు కాల్చకూడదు. గాలి లేనప్పుడే కాల్చాలి. మోటారు తిరుగుతుండగానే కాల్చాలి. సందులో ట్రాక్టరు ఆపకూడదు. రాసింది కొట్టేసి మళ్ళీ రాశాను. మా ఆయన మధ్యలో వచ్చి చూసి, వెళ్ళి నాకు ఇంకో పెన్ను తెచ్చి పెట్టారు. మా చేలో చెరకు కొట్టడానికి ఇంకా మూడు వారాలే ఉంది. ఆ ఆకు పడేలోపు ఈ కాగితం చట్టమవ్వాలి. లేకపోతే అప్ప కొత్త తాటాకు కప్పు పక్కన మళ్ళీ ఎవరో ఒకరు పుల్ల గీస్తారు, ఆ ఎవరో ఒకరు మళ్ళీ మేమే అవుతాం.

సెక్రటరీ గారు కాగితం చదివి సంతోషించారు. "బాగుంది మేడం. రిజిస్టరు ఇంటింటికీ పంపించి సంతకాలు తీసుకుందాం, గ్రామసభ జరిగినట్టే" అన్నారు.

"ఇంటికాడ సంతకమెడితే ఇంటికాడే మరిసిపోతారండి. మనుసులు రావాల" అన్నాను.

మనుషులు రావాలంటే తేలికా. దండోరా వేయించి, పంచాయతీ ఆఫీసులో పదింటికి కుర్చీలు వేస్తే వచ్చింది సర్పంచి గారు, సెక్రటరీ గారు, నేను, పింఛను సంగతి కనుక్కుందామని వచ్చిన ఇద్దరు ముసలివాళ్ళు. మిగిలిన ఊరంతా బెల్లం గానుగ దగ్గరుంది. గానుగ ఆడే రోజుల్లో మా ఊళ్ళో పెళ్ళిచూపులు కూడా పెట్టుకోరు. రసం పెనంలోకి ఎక్కాక ఎవరూ కదలడానికి లేదు, ఒకడు పిప్పి పొయ్యిలో వేస్తుండాలి, ఒకడు పైకి తేలే మడ్డి తీస్తుండాలి, ఒకడు కలుపుతుండాలి. పది గంటలు పదకొండైంది. సర్పంచి గారు, "పోనీలెద్దూ, వేసవి ఎల్లేక సూద్దాం" అని లేవబోయారు.

వేసవి వెళ్ళాక అగ్గి చట్టం దేనికండీ, వానలు ఆపడానికా అని అడిగాను. గొంతు పెద్దదైపోయింది. "ఆల్లు పొయ్యి ఒగ్గి రాలేకపోతే, సబే పొయ్యి కాడికెల్తాది" అనేశాను.

అనేశాక నాకే నచ్చింది. సెక్రటరీ గారు ఫోనులో ఏవో రూల్సు తిరగేసి, ముందుగా దండోరా వేయిస్తే ఊళ్ళో ఎక్కడైనా పెట్టుకోవచ్చన్నారు. ఆ సాయంత్రమే మళ్ళీ డప్పు మోగింది. రేపు పొద్దున్న గ్రామసభ, గానుగ దగ్గర.

మా ఊళ్ళో మిగిలిన గానుగ ఒక్కటే. అది మా ఆయన పెదనాన్న కొడుకుది, నాకు వరసకి బావగారు. కూలీలున్నా పాకం మాత్రం ఆయనే స్వయంగా తీస్తారు. సందులో ఆగే ట్రాక్టర్లలో ఒకటి ఆయనది. ఆయన మాటంటే ఊళ్ళో గురి. ఆయన చెయ్యి లేస్తే పది చేతులు లేస్తాయి.

పొద్దున్నే వెళ్ళేసరికి పెనంలో రసం కుతకుతలాడుతోంది. మా ఆయన పొయ్యి మూతి దగ్గర కూర్చుని పిప్పి ఎగదోస్తున్నారు. ఆ రోజు అన్నకి సాయంగా వచ్చారు. రైతులు కొందరు నిలబడి, కొందరు పిప్పి గుట్ట మీద కూర్చుని ఉన్నారు. ఆడవాళ్ళు కూడా వచ్చారు, ఎప్పుడూ రానివాళ్ళు. అప్ప గంపతో సహా వచ్చి ఒక పక్కన కూర్చుంది. అగ్గి గురించి మాట్లాడుకోవడానికి మేం చేరింది ఊళ్ళోకెల్లా పెద్ద మంట పక్కన. ముఖాలన్నీ ఎర్రగా వెలుగుతున్నాయి.

చదివాను. చదవడం అయీ అవకముందే ఒక రైతు లేచాడు. "గాలి లేనప్పుడు కాల్సాలంటే పొద్దుగూకాల. మోటారు తిరగాలంటే పగలుండాల, పొద్దుగూకితే కరెంటుండదు. రెండూ ఎలాగమ్మా మేంబరుగారూ?"

నాకు తల కొట్టేసినట్టయింది. నాలుగుసార్లు తిరగరాశాను గానీ రెండు లైన్లు ఒకదాని కాలు ఒకటి తొక్కుతున్నాయని చూసుకోలేదు. నవ్వులు మొదలయ్యాయి. అప్పుడు పొయ్యి మూతి దగ్గర నుంచి మా ఆయన, ఏ సభలోనూ నోరు విప్పని మనిషి, తల తిప్పకుండానే అన్నారు: "మన లైనుకి ఓ వారం తెల్లారగట్లే కరెంటొత్తాది, ఓ వారం ఎండెక్కాక. తెల్లారి వచ్చే వారంలో కాల్సుకోవాల. మంచు పదునుంటాది, గాలుండదు, మోటారు తిరుగుద్ది."

అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నిజమే కదా అన్నారు. ఇరవై అయిదేళ్ళ కాపురంలో ఆయన నోట రేపు కాకుండా అంత పెద్ద మాట వినడం నాకు అదే మొదలు. సెక్రటరీ గారు గబగబా రాసుకున్నారు. ట్రాక్టర్ల మాట కూడా తేలింది, సందు వదిలి స్కూలు పక్క ఖాళీలో ఆపుతామన్నారు. పని అయిపోతోందని నాకు కాళ్ళు నిలవడం లేదు.

అప్పుడు బావగారు గరిటె ఆపకుండా అడిగారు. "అంతా బాగానే ఉంది. నిరుడు అంటించిందెవరు?"

మడ్డి తీసి పక్కన పారబోసి ఆయనే మళ్ళీ అందుకున్నారు.

"నాలుగు పొలాలు కాలేయి. ఏ నిప్పు ఎగిరిందో ఎవుడికి తెలుసు? ఎవుడో ఒకడు సూసుకోకుండా సేసేడని ఊరందరి కాళ్ళకీ బందాలేత్తారా? ఆడెవుడో ముందు తేల్సండి. తర్వాత సట్టం సేద్దాం."

జనం అటు తిరిగిపోయారు. అదీ నిజమే అన్నారు ఒకరిద్దరు. సర్పంచి గారు కండువా దులుపుకున్నారు, అంటే ఇక లేస్తారన్నమాట. రెండు వారాల్లో ఆకు పడుతుంది. అప్ప తల వంచుకుని గంప అంచు సర్దుకుంటోంది. మా ఆయన నా వైపు చూసి, వద్దన్నట్టు తల కొంచెం అడ్డంగా ఊపారు.

దాన్ని ధైర్యమనుకోకండి. కోపమే. నా మీద నాకున్న కోపం ఏడాదిగా ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఉన్నది, ఆ నిమిషానికి బావగారి మీదకి తిరిగింది.

"ఆ ఎవుడో నానే బావగారూ" అన్నాను. "మా సేను. మా ఆకు. ఈయన మార్కెట్టుకెల్లినప్పుడు నాను అంటించేను. గాలి సూడలేదు. అప్ప ఇల్లు నానే కాల్సేను. తేలింది కదా. ఇప్పుడు సట్టం సెయ్యండి."

మా ఆయన చేతిలో పిప్పి అలాగే ఉండిపోయింది. మంట దిగిపోతుంటే బావగారే అరిచారు, "ఒరే తమ్ముడూ, మంట, మంట సూడు" అని. ఆయన ఉలిక్కిపడి దోశారు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా తేలికైపోయింది, భయం కూడా ఉంది.

అందరి కళ్ళూ అప్ప మీదకి వెళ్ళాయి. సర్పంచి గారు నెమ్మదిగా, "ఏటమ్మా, నువ్వేటంటావు?" అని అడిగారు.

ఆవిడ నోరు తెరవకముందే నేను అనేశాను, కప్పుకి రేకులు వేయిస్తానని. "నీ రేకులు నువ్వే ఏసుకో. ఎండాకాలం రేకుల కింద నానుండలేను" అంది అప్ప. కోపంగా కాదు, మామూలుగానే. తర్వాత సెక్రటరీ గారి వైపు తిరిగింది. "బాబూ, రాసుకో. నా ఇంటి పక్క సేలల్లో ఎవురు ఆకు కాల్సినా అగ్గిపెట్టి నా కాడ ఉండాల. నా కాడికొచ్చి అడిగి పట్టుకెల్లాల. నానిత్తేనే గీయాల."

కొందరు నవ్వారు. బావగారు, "ఆల్లింట్లో ఇంకో అగ్గిపెట్టుండదేటి?" అన్నారు.

"ఉంటాది. ఉన్నా నా కాడికే రావాల."

నవ్వు ఆగిపోయింది. పొలాల అంచున ఇళ్ళున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే, మాకూ అలాగే రాయండి అన్నారు. ఏ చేనుకి ఏ ఇల్లు దగ్గరో ఆ ఇంట్లో అగ్గిపెట్టె. సెక్రటరీ గారు రాసి చదివారు: "నిప్పు రాజేయు సాధనము సమీప గృహస్థుల అధీనమున ఉండవలెను." అప్ప ఒప్పుకోలేదు. అగ్గిపెట్టె అని రాయమంది. ఆయన కొట్టేసి అగ్గిపెట్టె అని రాశారు.

చేతులెత్తండి అన్నారు సర్పంచి గారు. ఆడవాళ్ళవి ముందు లేచాయి. మగవాళ్ళవి సగం లేచి బావగారి కోసం ఆగాయి. ఆయన చూడటం లేదు. పాకం వచ్చే వేళ అది, ఆ క్షణం దాటితే బెల్లం గట్టిపడదు, లేదా మాడిపోతుంది. చెంబులో నీళ్ళు తెమ్మని, పాకం చుక్క వేసి, వేళ్ళతో ఉండ చేసి చూశారు. ఇంకా లేదన్నారు. మేమందరం చేతులు ఎత్తుకుని నిలబడ్డాం. భుజం లాగుతోంది. దించితే చట్టం దిగిపోతుందేమోనని దించలేదు. మళ్ళీ చుక్క వేశారు. ఈసారి ఉండ టంగుమంది చెంబులో.

"దించండి" అన్నారు. నలుగురు పరిగెత్తి పెనం కడ్డీలు పట్టుకుని పాకం పక్క పళ్ళెంలోకి వంచారు. బంగారు రంగు. అంత మంచి రంగు ఆ ఏడాది రాలేదన్నారు అందరూ. బావగారు కండువాతో ముఖం తుడుచుకుని, మా అందరి చేతులూ చూసి, నన్ను చూసి, గరిటెతో సహా చెయ్యి పైకెత్తారు. దాని చివరనున్న పాకం చుక్క వచ్చి సెక్రటరీ గారి రిజిస్టరు మీద పడింది. మిగిలిన చేతులన్నీ లేచాయి. మేం ఆ వేడి బెల్లం ఆకుల్లో పెట్టుకుని తిన్నాం, నాలుకలు కాల్చుకుంటూ. చట్టం పాసైన చోట బెల్లం తినడం అసెంబ్లీలో కూడా ఉండి ఉండదు.

కొందరు ఆ తర్వాత నాతో మాట్లాడ్డం తగ్గించారు. ఎదురుపడితే పక్కకి చూశారు. అది నాకు రావలసిందే.

రెండు వారాలకి మా చెరకు కొట్టాం. చట్టం వచ్చాక ఊళ్ళో మొదటి ఆకు మాదే. తెల్లారి కరెంటొచ్చే వారం చూసుకుని, పొద్దున్నే అప్ప గుమ్మంలో నిలబడ్డాను. ఇంట్లో అగ్గిపెట్టెలు మూడున్నాయి. అయినా వెళ్ళి, "అప్పా, అగ్గిపెట్టె" అన్నాను.

అప్ప బయటికొచ్చి, పొయ్యిలో బూడిద చిటికెడు తీసి గాల్లో వదిలింది. అది కొంచెం మా చేను నుంచి ఆవిడ ఇంటి వైపు జరిగింది. "ఇయ్యాల కాదు" అని లోపలికెళ్ళిపోయింది. మర్నాడు ఆదివారం, చర్చి. ఆదివారం అగ్గిపెట్టె దొరకదంది. మా ఆయన ఇంట్లో నన్ను చూసి, "రేపా?" అని నవ్వారు. కోపం రాలేదు, అదే నాకు ఆశ్చర్యం. సోమవారం పొద్దున్న మంచు బాగా పడింది. చిటికెడు బూడిద తిన్నగా ఆవిడ పాదాల మీదే రాలింది. తాటాకు చూరులో దాచిన అగ్గిపెట్టె తీసి నా చేతిలో పెట్టింది.

మోటారు తిరుగుతోంది, మా ఆయన పైపు పట్టుకుని గట్టు మీద నిలబడ్డారు, సందు ఖాళీగా ఉంది. అప్ప చెంబు నీళ్ళు పట్టుకుని వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. గీశాను. పొగ నిటారుగా పైకి వెళ్ళింది. గంటలోపు చేనంతా నల్లబడి చల్లారిపోయింది. గట్టు అవతల ఒక్క ఆకు కూడా వాడలేదు. నాకు చిన్నపిల్లలా గెంతాలనిపించింది.

అగ్గిపెట్టె తిరిగివ్వడానికి వెళ్ళాను. ఇన్నాళ్ళూ సభలో చెప్పడమే గానీ, ఆవిడ ముఖం చూసి క్షమించమని ఒక్క మాట అడగలేదు. "అప్పా, నిరుడు…" అని మొదలుపెట్టాను.

"నాకు తెలుసు సెల్లీ" అంది. "నువ్వొచ్చి నన్ను పట్టుకుని ఏడిసినప్పుడు, నీ బొడ్లో అగ్గిపెట్టి నా కడుపుకి గుచ్చుకుంది."

ఏడాది పాటు ఆవిడ మా గుమ్మం ముందు నుంచి వెళ్ళిన రోజులన్నీ గుర్తొచ్చాయి.

"ఆ పొద్దు నాను బస్సుకెల్తంటే నువ్వు గుమ్మంలోనే ఉన్నావు. ఆకు కాల్సనా అప్పా అని ఒక్క మాట అడిగుంటే, ఇయ్యాల గాలి మళ్ళుద్ది, రేపు కాల్సుకో అని సెప్పేదాన్ని" అంది.

అగ్గిపెట్టె తీసుకుని మళ్ళీ చూరులో పెట్టింది. తర్వాత గంప చూపించి, బస్సుకి వేళైంది, నెత్తికెత్తమంది. ఎత్తాను.